సూరిగాడు మేత ముట్టడం లేదు

విన్నిపెగ్, కెనడా,
జనవరి 18.

అమ్మా,

నేను బాగున్నాను. మీరంతా బాగున్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం ఆమదాలవలస కుర్రాడి చేతికి ఇస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నాన్న స్పీకర్ పెట్టేస్తారు, పక్కన పిన్ని వాళ్లుంటారు, సగం మాట నోట్లోనే ఉండిపోతుంది. సంచిలో నాన్నకి మోకాళ్ల తొడుగులు పెట్టాను. బిగుతుగా ఉంటే బలవంతంగా లాగొద్దని చెప్పు, వేరేవి పంపుతాను.

పని మామూలే. డిసెంబరు నుంచి నైట్ షిఫ్ట్. దాని గురించి రాయడానికేమీ లేదు.

సంక్రాంతి రోజు వీడియోలో నా వెనక పెట్టె చూసి "అదేట్రా" అని ఫోన్ పెట్టేశావు. అది ఊసరవెల్లే. నేను కొనలేదమ్మా. నా గదిలో ఉండే కుర్రాడు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్తూ పది రోజులు చూసుకోమన్నాడు. అది సెప్టెంబరు మాట. ఇప్పుడు అడిగితే అక్కడ ఇంటి ఓనరు ఒప్పుకోవడం లేదంటాడు. రోడ్డు మీద పారెయ్యమంటావా?

మామ్మ చెప్పేది గానీ దానికి విషం లేదు. సరుగుడు తోటలో తమ్ముడూ నేనూ రాళ్లు విసిరేవాళ్లమే, ఆ రకం కాదిది. దీనిది యెమెన్ దేశం. నెత్తిన టోపీ పెట్టినట్టు ఎత్తుగా ఉంటుంది. ఇక్కడ షాపుల్లో అమ్ముతారు. మన దగ్గర పట్టి ఇంట్లో పెంచితే కేసవుతుంది, ఆ మాట తమ్ముడితో గట్టిగా చెప్పు, వాడికి ఆశ పుట్టేలోపు.

పేరు సూరిగాడు. పేరు నేనే పెట్టాను, తిట్టకు.

క్రిస్మస్ ముందు నుంచి వాడు మేత ముట్టడం మానేశాడు. రోజు విడిచి రోజు ఆరేడు కీచురాళ్లు తినేవాడు. రెండుకి వచ్చాడు, తర్వాత అదీ లేదు. ఎదురుగా పురుగు పాకుతుంటే ముందు ఒక కన్ను దాని మీదకి తిప్పుతాడు. కాసేపటికి రెండో కన్నూ తెస్తాడు. నోరు కొంచెం తెరుస్తాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటాను. అంతలో మళ్లీ మూసేసుకుంటాడు. పట్టపగలు కళ్లు మూసుకుని కింది కొమ్మని పట్టుకుని కూర్చునేవాడు. ఒళ్లంతా కాలిన కట్టె రంగు. వాటి రంగు గోడని చూసి మారదమ్మా, చలికీ భయానికీ మారుతుంది.

తప్పు నాదే. పగలు నిద్రపోవాలని కర్టెన్లు మూసేశాను, బిల్లు తగ్గుతుందని గదిలో హీటరూ తగ్గించాను. బయట మైనస్ 28. పెట్టెలో వేడినిచ్చే దీపం కింద కొమ్మ దగ్గర థర్మామీటరు పెట్టి చూస్తే 24 ఉంది. వాడికి అక్కడ 30 దాకా కావాలి. ఒళ్లు వేడెక్కకపోతే తిన్నది అరగదు, అరగకపోతే ఇక ఆకలెక్కడిది.

ఇంకో ట్యూబు ఉంటుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చేది. అది వెలుగుతూనే ఉంది, అందుకే నాకు అనుమానం రాలేదు. ఏడాది తిరిగేసరికి అందులో ఆ కిరణాలు తగ్గిపోతాయట, వెలుగు మాత్రం అలాగే ఉంటుందట. అవి అందకపోతే కాల్షియం ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంగిపోతాయి. కిటికీ దగ్గర పెడదామంటే అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అయినా ఇక్కడ ఎండేది? ఎనిమిది దాటితే గానీ పొద్దు పొడవదు, ఐదింటికే గుంకుతుంది. మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాల మీద కిరణాలు పడతాయని చీకటితో లేపి అరసవల్లి తీసుకెళ్లేదానివి. నేను దారంతా సణిగేవాణ్ణి. ఇప్పుడు షాపుకెళ్లి ఎండ కొనుక్కొచ్చాను.

డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లాను. వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి, పైన నువ్వల్లిన స్వెట్టరు కప్పి, రెండు బస్సులు మారి. ఆవిడ ముందు మగదా ఆడదా అని చూసింది. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్లు కడుతుందట, అవి లోపల ఆగిపోయినా తిండి మానేస్తుందట. వెనక కాలి మడమ దగ్గర చిన్న బొడిపె ఉంది, అంటే మగాడే. తర్వాత రెట్ట చూసింది. అందులో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో ఉంది, నీళ్లు చాలడం లేదంది. వీడు గిన్నెలో నీళ్లు తాగడు, ఆకు మీద బొట్లు నాకుతాడు. నేనేమో షిఫ్టు నుంచి వచ్చి రెండుసార్లు పిచికారీ కొట్టి పడుకునేవాణ్ణి. ఎముకలు బాగానే ఉన్నాయంది. ఎంతయిందని నాన్న ముందు అడక్కు.

కీచురాళ్లకి కూడా క్యారెట్, ఆకుకూర పెట్టాలి. అవి తిన్నదే వాడికి చేరుతుంది. నువ్వు గేదెకి తెలగపిండి పెట్టినట్టే.

నేను తింటున్నానమ్మా. వేళ మారింది, అంతే. చిక్కిపోలేదు, ఆ కెమెరాలో అందరూ అలాగే కనిపిస్తారు. చోడిపిండి అయిపోయింది, ఆ కుర్రాడు తిరిగొచ్చేటప్పుడు ఓ కిలో ఇచ్చి పంపు. నెత్తళ్లు వద్దు, ఎయిర్‌పోర్టులో వాడికి టెన్షన్.

నాన్న రాత్రి షుగర్ మాత్ర మానేశారట కదా. తమ్ముడు చెప్పాడు. నాకెందుకు చెప్పలేదు? దూరంగా ఉన్నానని ఇలాంటివి దాచకండి. పిన్ని చెప్పిన సంబంధం సంగతి వేసవిలో వచ్చాక చూద్దాం, ఫొటోలు మాత్రం ఇప్పుడే ఎవరికీ ఇవ్వకు.

ట్యూబు మార్చి, హీటరు పెంచి తొమ్మిది రోజులైంది. కొమ్మ దగ్గర 30 వస్తోంది. ఈ పొద్దున వచ్చి బూట్లు కూడా విప్పకుండా ఒక పట్టుపురుగుని ఆకు మీద పెట్టాను. రోజూ కీచురాళ్లే అయితే విసుగంట వాటికి. రెండు కళ్లూ తెచ్చాడు, నోరు తెరిచాడు. ఇక మూసేస్తాడులే అనుకుంటుండగా ఫట్‌మని నాలుక వచ్చింది. వాడి ఒంటికన్నా పొడుగు. పురుగు మాయం. ఒక్కటే తిన్నాడు, రెండోది పెడితే మొహం తిప్పుకున్నాడు. పక్కల మాత్రం కాస్త ఆకుపచ్చ తేలింది.

రథసప్తమికి అరసవల్లిలో నా పేరున ఎలాగూ పూజ చేయిస్తావు. వాడి పేరు కూడా చెప్పించమని రాద్దామనుకున్నాను. వద్దులే, పూజారి గోత్రం అడుగుతాడు.

పిచికారీ కొట్టే వేళయింది. ఉంటాను.

నీ పెద్దోడు