ఒక్క సీసా నీళ్లతో తనిఖీ అయిపోతుందా?

కాలుష్య నియంత్రణ అధికారి గారికి,

నమస్కారం. మురుగు వదిలే పరిశ్రమ నడపాలంటే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. నా బాధంతా తనిఖీ గురించి. పొద్దున వచ్చి కాలువ దగ్గర ఒక్క సీసా నీళ్లు పట్టుకెళితే, సాయంత్రం ట్యాంకులు కడిగి వదిలే మురుగు లెక్కలోకి ఎలా వస్తుంది? 24 గంటల పాటు కొంచెం కొంచెంగా తీసి కలిపిన నమూనా అయితేనే అసలు సంగతి తెలుస్తుంది. దాన్ని ఐస్ పెట్టెలో ల్యాబ్‌కు చేర్చాలి. నీళ్లలోని మురుగు ఎంత ఆక్సిజన్‌ను తినేస్తుందో కొలిచే బీఓడీ పరీక్షకే మన దేశ ప్రమాణాల ప్రకారం 3 రోజులు పడుతుంది, దారిలోనే పాడైన నమూనాతో ఆ 3 రోజులూ వృథా.

శుద్ధి ప్లాంటును నిజాయతీగా నడిపే చిన్న యజమానికి కరెంటు ఖర్చు తడిసి మోపెడవుతుంది. దాన్ని ఆపేసి దొంగచాటుగా మురుగు వదిలేవాడికీ అదే అనుమతి రెన్యువల్ కావడం అన్యాయం. షరతులు, పరీక్ష ఫలితాలు గేటు దగ్గరే అందరికీ కనిపించేలా పెట్టించండి.

ఇట్లు,
ఒక పౌరుడు