బీపీ, షుగర్ పనిలో మాకు చేయందించిన బయటివాళ్లకు

అందరికీ నమస్కారం. నేను బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులు చూసే క్లినిక్‌లో నర్సుని. ఈ పోస్టు మా డాక్టర్ల గురించీ మా గురించీ కాదు. మా పని మేం చేశాం, జీతం తీసుకున్నాం. తమ పని కాకపోయినా దీన్ని నెత్తికెత్తుకున్న వాళ్లు కొందరున్నారు, వాళ్లకు నలుగురి ముందు థాంక్స్ చెప్పాలని రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని వాళ్లే అన్నారు.

ముందుగా బస్ డిపోలో డ్యూటీలు వేసే సార్‌కి. మా దగ్గరికొచ్చే డ్రైవర్లలో కొందరికి బీపీ ఎంతకీ అదుపులోకి వచ్చేది కాదు. "మందులు వాడుతున్నారా?" అంటే "వాడుతున్నాం మేడమ్" అనేవాళ్లు. చీటీలో, ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపే మాత్ర ఉండేది. బీపీకి అది పాతదే అయినా మంచి మందు. కాకపోతే వేసుకున్నాక కొన్ని గంటలపాటు మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుంది. బస్సు నిండా జనాన్ని పెట్టుకుని ఎక్కడ ఆపుతారు? అందుకని డ్యూటీ ఉన్న రోజు మానేసి, సెలవు రోజు వేసుకునేవాళ్లు. ఈ సంగతి మాకు చెప్పింది పేషెంట్లు కాదు, ఆ సారే. "మందు రాసేటప్పుడు మీరు మా డ్యూటీ చార్ట్ చూడరు కదండీ" అన్నారు నవ్వుతూనే.

ఆ తర్వాత డాక్టర్ గారు కొందరికి మందు మార్చారు, కొందరికి వేసుకునే వేళ మార్చారు. సార్ తన వైపు నుంచి, టాయిలెట్ ఉన్న స్టాపుల్లో బస్సు ఆగే టైమ్ కొంచెం పెంచారు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇంకా ముందుకెళ్లారు. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లకు భోజనం ఆలస్యమైతే షుగర్ డౌన్ అవుతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, చూపు మసకబారుతుంది. స్టీరింగ్ ముందు అలా జరిగితే ప్రమాదం ఒక్క డ్రైవర్‌కే కాదు. అందుకని చార్ట్‌లో భోజనం వేళను కదపకూడని గడిగా పెట్టేశారు. "వాళ్లకే ఎందుకు?" అని మిగతావాళ్లు సణిగితే అందరికీ అదే పెట్టారు. జబ్బు ఉందని చెబితే డ్యూటీ తీసేస్తారన్న భయం కూడా డిపోలో కొంత తగ్గింది, అదీ ఆయన మాట మీద ఉన్న నమ్మకంతోనే. మేం ఎన్ని చీటీలు రాసినా ఇందులో ఒక్కటీ మా చేతుల్లో ఉన్న పని కాదు.

తర్వాత క్యాంటీన్ మాస్టర్ గారికి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక చిన్న చెంచాడు. మాస్టర్ గారు జీవితమంతా ఉప్పు చేత్తోనే వేశారు. అలాంటి మనిషి మా మాట విని కాటా తెప్పించి, ఉప్పు తూచి, గోడ మీద అతికించిన కాగితంలో రాయడం మొదలెట్టారు. తూచాకే ఆయనకే తెలిసింది, ఒకే వంటకానికి ఒక్కో రోజు ఒక్కోలా పడుతోందని. ఒకేసారి తగ్గిస్తే ఎవరూ తినరు కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గించారు. నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడిపోతుంది. టేబుళ్ల మీది ఉప్పు డబ్బాలు తీసి కౌంటర్ దగ్గర పెట్టించారు. కావాలంటే లేచి వెళ్లి తెచ్చుకోవచ్చు, చాలామంది లేవరు! చప్పగా ఉందని తిట్లు మాత్రం ఆయనే తిన్నారు, మేం కాదు.

"నా ఒక్క వంటింట్లో తగ్గితే ఏమవుతుందమ్మా?" అని ఆయన ఓసారి అడిగారు. ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియా సంగతి చెప్పాను. గుండెజబ్బుతో నడివయసు మగవాళ్లు చనిపోవడంలో ఒకప్పుడు ప్రపంచంలోనే ముందున్న ప్రాంతం అది. అక్కడి జనమే సాయం చేయమని 1971లో ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడాది పెక్కా పుస్కా అనే యువ డాక్టర్ నాయకత్వంలో పని మొదలైంది. అందులో ఆసుపత్రుల కంటే బయటివాళ్ల చేయే ఎక్కువ కనిపిస్తుంది నాకు. మార్తా అనే గృహిణుల సంఘం వాళ్లు కొత్త రకం వంటలు నేర్పారు. మాంసం ఉత్పత్తులు తయారుచేసేవాళ్లు కొవ్వు, ఉప్పు తగ్గించారు. జనం వెన్న తగ్గిస్తే పాడి మీద బతికే రైతులకు నష్టం రాకుండా బెర్రీ పండ్ల సాగును ప్రోత్సహించారు. దాదాపు నాలుగు దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. మాస్టర్ గారు అంతా విని, "అయితే వాళ్లూ తిట్లు తినే ఉంటారు" అన్నారు. తినే ఉంటారు.

సెలూన్ నడిపే అన్నకీ, అక్కడికి వచ్చి కూర్చునే ఫార్మసిస్టు గారికీ కలిపి చెబుతున్నా. బీపీ ఉన్నవాళ్లలో సగానికి దగ్గరగా ఆ సంగతే తెలియనివాళ్లు ఉంటారు. ఒంట్లో బాగానే ఉంటుంది కాబట్టి క్లినిక్ గడప తొక్కరు. కానీ జుట్టు పెరిగితే సెలూన్‌కి రాక తప్పదు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 52 సెలూన్లలో నల్లజాతి మగవాళ్ల మీద చేసిన పరిశోధన 2018లో అచ్చయింది. ఫార్మసిస్టు సెలూన్‌కే వచ్చి, డాక్టర్లతో మాట్లాడుకుని మందులు సర్దినచోట, ఆరు నెలల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు పడింది. క్షురకులు సలహా మాత్రమే ఇచ్చినచోట 9 పడింది. ఇది చదివి, మన దగ్గరా అలా చేద్దామా అని అడిగితే అన్న రెండో మాట లేకుండా ఫార్మసిస్టు గారికి కుర్చీ వేశారు. ఫార్మసిస్టు గారు తన సెలవు పూట వదులుకున్నారు.

ఫుట్‌పాత్ బాగుచేయించి లైట్లు వేయించిన ఇంజనీర్ గారికి: వారానికి 150 నిమిషాలు నడవమని మేం అందరికీ చెబుతాం. ఎక్కడ నడవాలో మీరు చూపించారు.

హెడ్మిస్ట్రెస్ గారికి ప్రత్యేకంగా. స్కూలు ఆటలపోటీలకు పొగాకు వ్యాపారం వాళ్ల డబ్బు వస్తానంటే ఆవిడ వద్దన్నారు. ఆటసామాను కొనడానికి ఇబ్బందవుతుందని తెలిసీ వద్దన్నారు. అన్ని రంగాలూ కలిసి పనిచేయాలంటే అందరినీ కలుపుకోవాలని కొందరు అనుకుంటారు, నేను ఒప్పుకోను. 2003లో ఆమోదం పొంది 2005లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందం కూడా ప్రకటనలతోపాటు స్పాన్సర్‌షిప్‌లను ఆపమనే చెబుతుంది.

మీటింగులూ జరిగాయనుకోండి. ప్రభుత్వంలోని అన్ని శాఖలూ, సమాజమంతా కదలాలని 2011 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ రాసుకున్నాయి. ఈ జబ్బులతో అకాల మరణాలను 2030కల్లా మూడో వంతు తగ్గించాలని తర్వాత లక్ష్యం కూడా పెట్టుకున్నాయి. మంచిదే. నా అనుభవంలో మాత్రం మీటింగులో జరిగిన ఉపకారమల్లా ఒకరి ఫోన్ నంబర్ ఒకరికి దొరకడమే. నంబర్లు దొరికాక పనులు వాటంతటవే జరిగాయి.

చివరిగా అకౌంట్స్ మేడమ్‌కి. బీపీ మిషన్ ఒకటే అయినప్పుడు చేతికి చుట్టే పట్టీలు రెండు సైజులు ఎందుకని ఫైలు వెనక్కి పంపారు. సరైన ప్రశ్నే. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుందని, దాంతో అక్కర్లేని మందు పడుతుందని వివరంగా రాసి పంపాం. ఆ రోజే సంతకం పెట్టి, తొందరగా తెప్పించమని ఫోన్ కూడా చేశారు. పెద్ద పట్టీలు ఈ వారమే వచ్చాయి. ఇంతకుముందు చిన్న పట్టీతో బీపీ ఎక్కువ చూపించినవాళ్లు మందులు సొంతంగా మానేయకుండా, ఒకసారి వచ్చి మళ్లీ చూపించుకోండి.