వార్షిక నివేదిక 2024: పనిచోట కులం గురించి నోరు విప్పిన ఏడాది

సియాటిల్ ప్రాంత తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలను జమాఖర్చుల పట్టికతో కలిపి విడిగా పంపాము. ఈ నివేదికను దాదాపు పూర్తిగా పనిచోట కులం గురించి అంబేడ్కర్ జయంతి నాడు మొదలుపెట్టిన చర్చా బృందాలకే కేటాయిస్తున్నాను. వాటి గురించి కార్యవర్గంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. అందువల్ల ఏం జరిగిందో సభ్యులకు దాపరికం లేకుండా చెప్పడం కార్యదర్శిగా నా బాధ్యత.

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి 6–1 ఓట్లతో కుల వివక్షను నిషేధించింది. మండలి సభ్యురాలు క్షమా సావంత్ ప్రతిపాదించిన ఆ శాసనంతో, కులం పేరెత్తి వివక్షను నిషేధించిన తొలి అమెరికా నగరం మనదయింది. అయితే అది వర్తించేది సియాటిల్ నగర పరిధిలోనే. మన సభ్యుల్లో చాలామంది పనిచేసేది వాషింగ్టన్ సరస్సుకు తూర్పున ఉన్న రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో. వంతెన దాటితే ఆ శాసనం లేదు. పైగా ఉన్నచోట కూడా చట్టం పనిచేయాలంటే ఎవరో ఒకరు ముందుకొచ్చి ఫిర్యాదు చేయాలి. ఆ ఒక్కరు ఎందుకు ముందుకు రాలేకపోతున్నారన్నదే మేము తెలుసుకోవాలనుకున్నాము.

జవాబు కోసం ఎక్కువ వెతకాల్సిన పని లేకపోయింది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్‌కార్డు దరఖాస్తు యజమాని చేతిలో ఉంటుంది. మన దేశస్థులకు ఆ వరుస ఏళ్ల తరబడి కదలదు. పై అధికారి తెలుగువారే అయితే వారాంతంలో గుడిలోనూ పుట్టినరోజు విందుల్లోనూ ఎదురయ్యేది కూడా ఆయనే. ఇంత పణంగా పెట్టి ఎవరు నోరు తెరుస్తారు?

అందుకే ఉపన్యాసాలు పెట్టలేదు. చిన్న చిన్న బృందాలుగా గ్రంథాలయం గదుల్లో కూర్చున్నాము. ఒక అధికారి, ఆయన కింద పనిచేసేవారు ఒకే బృందంలో పడకుండా చూసుకున్నాము. ఎవరూ తమ కులం చెప్పనక్కర లేదు, ఎదుటివారిది అడగకూడదు. విన్న విషయం బయట చెప్పవచ్చు గానీ చెప్పిన మనిషెవరో చెప్పకూడదు. గొంతెత్తి చెప్పలేనివారు కాగితం మీద రాసి ఇచ్చే వీలు కల్పించాము. అన్నిటికంటే ఆ కాగితాలే ఎక్కువ పనిచేశాయి.

వాటిలో వచ్చిన విషయాలు కొన్ని. కొత్తగా చేరినవారిని ముందు ఇంటిపేరు అడగడం, అది చాలకపోతే ఊరు, ఆ ఊళ్లో ఎవరి తాలూకు అని ఆరా తీయడం. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనానికి పిలుపు ఆగిపోవడం. ఇది చిన్న విషయమని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. రాబోయే ప్రాజెక్టు ఏది, అందులో చోటు ఎవరికి అన్నది సగం ఆ భోజనం బల్ల దగ్గరే తేలుతుంది. ఇంకొకరు రాసింది చదువుతుంటే గది నిశ్శబ్దమైపోయింది. తోటివారు ‘కోటా సీట్ల’ గురించి ఎగతాళిగా మాట్లాడుతుంటే, తానెవరో వాళ్లకు తెలియదు కనుక, వాళ్లతో కలిసి నవ్వుతూ కూర్చోవడం తనకు రోజువారీ పని అయిందట. తెలంగాణ యాసను సమావేశాల్లో అనుకరించి నవ్వించడం గురించీ రాశారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న జట్టులో అసలు నిర్ణయం సమావేశం ముగిశాక తెలుగులో జరిగిపోతుందని, జట్టులోని ఇతర భాషలవారికి అది మర్నాడు గానీ తెలియదని మనవాళ్లే చెప్పారు.

అభ్యంతరాలూ గట్టిగానే వచ్చాయి. ‘ఇలాంటి చర్చల వల్ల ఆఫీసుల్లో హిందువులందరినీ నిందితులుగా చూస్తారు’ అన్నది ఒకటి. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం 2020 జూన్‌లో సిస్కో అనే టెక్నాలజీ సంస్థ మీద, ఇద్దరు అధికారుల మీద కుల వివక్ష కేసు వేసింది. 2023 ఏప్రిల్‌లో ఆ ఇద్దరి మీద కేసును తానే ఉపసంహరించుకుంది, సంస్థ మీద మాత్రం కొనసాగించింది. దాదాపు మూడేళ్లు వాళ్ల పేర్లు లోకమంతా తిరిగాయి. ఆ ఏడాదే అక్టోబరులో, కులం పేరును కాలిఫోర్నియా చట్టంలో చేర్చే ఎస్‌బీ 403 బిల్లును ఆ రాష్ట్ర గవర్నర్ న్యూసమ్ తిప్పిపంపారు. ఉన్న చట్టాలే ఇలాంటి వివక్షను నిషేధిస్తున్నాయని, ఈ బిల్లు అనవసరమని ఆయన అన్నారు. ఈ వాదన ఉన్నవారిని చర్చలోంచి తప్పుకోమనడం సరికాదు. వాళ్లను ఉండమన్నాము, చాలామంది ఉన్నారు.

‘నాకు ఎక్కడా కనబడలేదు కాబట్టి లేదు’ అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఈ వాదనకు తరచూ చూపే ఆధారం కార్నెగీ ఎండోమెంట్ అనే పరిశోధనా సంస్థ చేసిన 2020 సర్వే. అందులో పాల్గొన్న 1,200 మంది భారతీయ అమెరికన్లలో కుల వివక్షను ఎదుర్కొన్నామన్నవారు 5 శాతమే. కానీ అదే సర్వేలో, తమకు కులం ఉందని చెప్పుకున్న హిందువుల్లో ప్రతి పదిమందిలో ఎనిమిదిమందికి పైగా జనరల్ లేదా అగ్రవర్ణాలవారు. ఎక్కువగా వాళ్లనే అడిగితే అలాంటి జవాబే వస్తుంది. అవతలి పక్షం చూపే ఈక్వాలిటీ ల్యాబ్స్ అనే దళిత హక్కుల సంస్థ సర్వేలో 67 శాతం దళితులు పనిచోట అన్యాయం జరిగిందన్నారు. అయితే పాల్గొన్నవారు తమంతట తాము ముందుకొచ్చినవారు కనుక ఆ అంకెను అందరికీ వర్తింపజేయలేము. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివిన ఆ సాయంత్రం ఈ ఏడాది జరిగిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది. ఎవరూ గెలవలేదు, అందరూ అంకెలు చదివారు.

ఒక మార్పు వెంటనే చేశాము. సభ్యుల కంపెనీల్లో ఖాళీలు ఇంతకాలం తెలిసినవారి ద్వారా తెలిసినవారికే చేరేవి. రెఫరల్ (తమ కంపెనీలో ఉద్యోగానికి సిఫారసు) ఇచ్చేవారికి దురుద్దేశం లేకపోయినా, ఫలితం ఒకే రకం మనుషులతో నిండిన జట్లు. ఇప్పుడు ఏ ఖాళీ వచ్చినా ముందు సభ్యులందరికీ ఒకేసారి పంపుతున్నాము. ఈ పద్ధతి వచ్చాక, ఇంతకుముందు ఏ వేడుకకూ రాని కొన్ని కుటుంబాలు సభ్యత్వం తీసుకున్నాయి.

పిల్లల పెంపకం కోసం ఉద్యోగం మానేసి మళ్లీ చేరాలనుకునే మహిళల బృందం రెండుసార్లు వాయిదా పడింది. సమయం సాయంత్రం పెట్టడమే కారణం. మార్చి నుంచి శనివారం ఉదయం, పిల్లల తరగతుల వేళకే జరుగుతుంది.

సంఘం నియమావళిలో వివక్ష నిషేధం గురించి చెప్పే వాక్యంలో మతం, లింగం, ప్రాంతం ఉన్నాయి, కులం లేదు. దాన్ని చేర్చాలన్న సవరణను సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాము. సవరణ పాఠం ఈ నివేదికతో జతచేశాము. అభ్యంతరాలను జనవరి 31లోగా రాతపూర్వకంగా, పేరు లేకుండానైనా పంపవచ్చు. ఓటింగు చేతులెత్తి కాదు, రహస్య బ్యాలెట్ ద్వారా జరుగుతుంది.

– కార్యదర్శి