ఫిర్యాదుకి సోమవారం ఉంది, సలహాకి ఏ వారం?

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. ఆదివారం సాయంత్రమైతే చాలు, మర్నాడు కలెక్టరేట్‌లో ఇవ్వాల్సిన అర్జీలు టైప్ చేయించుకునేవాళ్లు వరస కడతారు. ఈ సోమవారం కార్యక్రమానికి పేర్లు మారుతూ వచ్చాయి, ప్రజావాణి అన్నారు, మీకోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అంటున్నారు. పేరు ఏదైతేనేం, పింఛను ఆగిందనో, పక్కవాడు హద్దు జరిపాడనో, పాసు పుస్తకంలో పేరు తప్పు పడిందనో రాసుకుని వెళ్తే కాగితం పుచ్చుకుని నంబరు ఇస్తారు. పని అవుతుందా లేదా అనేది వేరే సంగతి.

నా గోల ఫిర్యాదుల గురించి కాదు. ఈమధ్య నా దగ్గరికి ఇంకో రకం కాగితాలు వస్తున్నాయి. ఎవరి మీదా కంప్లయింట్ ఉండదు, డబ్బులు అడగరు, స్థలం అడగరు. ప్రభుత్వం జనానికి సంగతులు చెప్పే పద్ధతి ఇలా ఉంటే బాగుంటుంది అని చెప్పే కాగితాలు. వాటిని ఎక్కడ ఇవ్వాలో నాకే తెలీదు.

ఒకాయన ఆటో నడుపుతాడు. 2024 సెప్టెంబరు 1 వరదలో బుడమేరు వాగు నీళ్లు ఏ వీధిలో ఎంత ఎత్తుకి వచ్చాయో కరెంటు స్తంభాల మీద ఎర్ర పెయింటుతో గీత కొట్టించాలి, ఈసారి వరద హెచ్చరిక ఇచ్చేటప్పుడు "గీతకి రెండడుగుల కిందిదాకా రావచ్చు" అని చెప్పాలి, ఇదీ ఆయన సలహా. టైప్ చేస్తూనే, భలే చెప్పావయ్యా అన్నాను. ఆ రోజుల్లో టీవీ పెడితే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఒకటే చెప్పడం. అది కృష్ణ లెక్క. మా పేటల్ని ముంచింది కట్టకు గండ్లు పడ్డ బుడమేరు. కృష్ణకైతే మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం, కృష్ణలంకలో పాతవాళ్లని అడిగితే రిటైనింగ్ వాల్ లేని రోజుల్లో ఏ హెచ్చరికకి ఏ సందులోకి నీళ్లొచ్చేవో వేళ్ల మీద చెప్తారు. బుడమేరు సంగతి చెప్పడానికి మా దగ్గర అలాంటి లెక్కేమీ లేదు. బియ్యం బస్తా మంచం మీద పెడితే సరిపోతుందా, మేడ ఎక్కాలా, ముసలివాళ్లని తీసుకుని ఇల్లు వదిలేయాలా, మాకు తెలియాల్సింది ఇది. క్యూసెక్కులు ఏం చేసుకోం?

డ్వాక్రా సంఘం లీడరు ఒకావిడ ఇంకోటి రాయించింది. రోజూ పొద్దున్నే చెత్త బండి మైకులో పాట పెట్టుకుని వీధి వీధీ తిరుగుతుంది కదా, పథకాలకి ఆఖరి తేదీలు అందులోనే చెప్పించండి అని. వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలిచ్చే మన మిత్ర ఉంది, 2025 జనవరిలో వచ్చింది, బాగానే ఉంది, షాపులో నేనే వాడుతుంటాను. కానీ ఆవిడ సంఘంలో సగం మందికి ఫోను కొడుకు జేబులో ఉంటుంది. చెవులు వినపడని పాప తల్లి ఒకావిడ, హెచ్చరిక వీడియోల్లో సైగల భాష చూపించకపోయినా కనీసం కింద తెలుగు అక్షరాలైనా వేయమని అడిగింది. అన్నీ ఇంత బాగుంటాయని అనను, మనవడు రాసిన పద్యాన్ని ప్రభుత్వ హోర్డింగ్ మీద వేయించమని అడిగిన పెద్దాయన కూడా ఉన్నాడు!

ఆటో ఆయన కాగితం పట్టుకుని ఒక ప్రచార కార్యాలయానికి వెళ్లాడు. ఏ ఆఫీసో రాయను, అక్కడి వాళ్లు మర్యాదగానే మాట్లాడారట. ఇది పత్రికలవాళ్లకి సమాచారం ఇచ్చే ఆఫీసండీ, మీ సమస్య సోమవారం ఇవ్వండి అన్నారు. సోమవారం వెళ్తే ఏ శాఖ, సమస్య ఏంటి అని అడిగారు. సమస్య లేదు సార్, సలహా అన్నాడు. అలాంటి కాలమ్ లేదు. కాగితంలో స్తంభం అన్న మాట కనపడేసరికి కరెంటోళ్లకి పంపించారు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు, తమ పరిధిలో లేదని రాసి మూసేశారు.

సమాచార పౌర సంబంధాల శాఖ వాళ్లకి పని తక్కువని నేను అనట్లేదు. మంత్రుల పర్యటనలు, ఫొటోలు, సాయంత్రానికి ప్రెస్‌నోట్లు, విలేకరుల అక్రిడిటేషన్ కార్డులు, ఉన్న కొద్దిమందికి అదే సరిపోతుంది. అయినా ఇది దయతలచి చేయాల్సిన పనేం కాదు, 2005 సమాచార హక్కు చట్టంలోనే ఉంది. సెక్షన్ 4 అంటే జీతాల పట్టికలు, అధికారుల పేర్లు వెబ్‌సైటులో పెట్టడమే అనుకుంటారు చాలామంది. విధానాలు తయారు చేసేటప్పుడు, అమలు చేసేటప్పుడు జనంతో సంప్రదించడానికి తమ దగ్గర ఏ ఏర్పాటు ఉందో ప్రతి ప్రభుత్వ సంస్థా ప్రకటించాలని 4(1)(బి)లో ఏడో అంశం చెప్తోంది. ఆ సెక్షన్‌లోనే ఇంకాస్త కిందికి వెళ్తే, సమాచారం స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో ఇవ్వాలని కూడా ఉంది. ఏ పద్ధతి బాగా చేరుతుందో సింగ్‌నగర్ వాళ్లని, పాయకాపురం వాళ్లని అడక్కుండా ఎలా తెలుస్తుంది?

నేను అడిగేది పెద్దదేం కాదు. జిల్లా పౌర సంబంధాల కార్యాలయంలో ఒక రిజిస్టరు పెట్టండి. సలహా తెచ్చినవాళ్లకి నంబరు వేసి రసీదు ఇవ్వండి. నెలకోసారి ఏ సలహా తీసుకున్నారో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో ఒక కాగితం మీద రాసి వార్డు సచివాలయం బోర్డుకి అంటించండి. కుదరదన్నా పర్లేదు, పద్యం పెద్దాయనకి కూడా జవాబు రావాలి. రేడియోలో శ్రోతల ఉత్తరాలకి జవాబులు చదివేవాళ్లు, గుర్తుందా? నచ్చలేదని తిడుతూ రాసినా చదివి జవాబు చెప్పేవాళ్లు, అందుకే జనం మళ్లీ మళ్లీ కార్డు ముక్క కొనేవాళ్లు. ఇక బుడమేరు ఒడ్డు పేటలవాళ్లతో మాత్రం ప్రతి ఏడాదీ వానలు మొదలవక ముందే ఒక పూట కూర్చోండి, హెచ్చరిక ఎలా చెప్తే అర్థమవుతుందో వాళ్లే చెప్తారు. వరదొచ్చాక సమీక్షలు ఎలాగూ పెడతారు.

రిజిస్టరుకి నమూనా కావాలంటే నేను టైప్ చేసిస్తాను, డబ్బులొద్దు. ఆటో ఆయన కాగితం కాపీ కూడా నా కంప్యూటర్లో ఉంది, ఎవరైనా అడిగితే ప్రింటు తీసిస్తాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ