పాగా పరలోకానికి, సింహం పాదాల చెంతకు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. బుద్ధుడి చుట్టూ నిలబడిన రాజులకూ, దేవతలకూ, యక్షులకూ అంతంత తలపాగాలు చెక్కిన శిల్పి ఆయన తలను మాత్రం ఎందుకు బోసిగా వదిలేశాడని అడిగావు. ఆ వెంటనే, అన్నీ విడిచిపెట్టి వెళ్ళిన మనిషి కింద సింహాలు ఎందుకున్నాయని కూడా అడిగావు. నువ్వు వీటిని రెండు ప్రశ్నలుగా రాశావు గానీ, నాకు మాత్రం ఒకటే ప్రశ్నగా కనిపిస్తోంది. ఎన్నాళ్ళుగానో నన్ను పట్టుకుని వదలని విషయమిది కాబట్టి, కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పాగా సంగతి చెబుతాను. మధ్యప్రదేశ్‌లోని భర్హుత్ స్తూపం చుట్టూ ఉన్న రాతి ప్రాకారాన్ని పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1873లో గుర్తించాడు. ఆ రాళ్ళలో ఎక్కువ భాగం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉన్నాయి. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన ఆ ఎర్రటి ఇసుకరాతి స్తంభాల ముందు నిలబడి, ఒక్క యక్షుడి తల మీదనే చూపు నిలిపి చూడు. గుడ్డను జుట్టుతో కలిపి పేనుతూ, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఏటవాలుగా వేసుకుంటూ వచ్చి, చివరికి నుదుటి పైన బంతిలా గుండ్రని ముడిగా బిగించారు. గుడ్డ ఎక్కడ ఆగిందో, జుట్టు ఎక్కడ మొదలైందో రాతిలో కూడా తెలిసిపోతుంది. ముఖం మీద కంటే ఆ ముడి మీదనే శిల్పి ఎక్కువ పొద్దు గడిపాడని నాకు అనిపిస్తుంది, అందుకు కారణమూ ఉంది: ఆ కాలంలో మనిషి ఏపాటివాడో చెప్పేది తలపాగాయే.

అదే భర్హుత్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించిన దృశ్యం ఒకటుంది. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెళ్ళాక, కత్తితో తన సిగను కోసి పాగాతో సహా గాలిలోకి విసిరాడనీ, ఇంద్రుడు దాన్ని కింద పడనీయకుండా అందుకుని తన లోకమైన త్రయస్త్రింశ స్వర్గానికి తీసుకువెళ్ళి ప్రతిష్ఠించాడనీ కథ. ఆ స్వర్గంలో దేవతలు కొలువుతీరే సుధర్మ సభనూ, పక్కనే ఇంద్రుడి వైజయంత ప్రాసాదాన్నీ, కింద వాద్యాల నడుమ నాట్యమాడుతున్న అప్సరసలనూ భర్హుత్ శిల్పి ఒకే స్తంభం మీద ఇమిడ్చాడు. ‘సుధమ్మా దేవసభా భగవతో చూడామహో’ అని అక్కడే బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉంది. భగవానుడి సిగకు జరుగుతున్న ఉత్సవం అన్నమాట. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కే ఆచారం రాలేదు. చెట్టు, చక్రం, పాదముద్రలు, ఖాళీ ఆసనం మాత్రమే ఆయనకు గుర్తులు. వాటి వరుసలో ఈ విడిచేసిన పాగా కూడా చేరింది. ఆయన తల మీద ఉన్నప్పుడు అది రాజచిహ్నం, తీసేశాక పూజావస్తువు.

ఇక్కడే ఒక మాట విచిత్రం చూడు. సంస్కృతంలో ‘ఉష్ణీషం’ అంటే మొదట తలపాగా. తరువాతి కాలంలో అదే మాట బుద్ధుడి నడినెత్తిన ఉబ్బెత్తుగా కనిపించే, మహాపురుష లక్షణమైన (అంటే మహనీయుడి ఒంటి మీద కనిపించే గుర్తుల్లో ఒకటైన) భాగానికి పేరయింది. గుడ్డ పోయింది, పేరు మాత్రం తల మీదనే ఉండిపోయింది. ఇంకా ఉంది. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారంలో నిలువు స్తంభాల పైన పొడుగునా పరిచే దూలరాయిని కూడా ఉష్ణీషమనే అంటారు. మన అమరావతి దానశాసనాల్లో అది ‘ఉనిస’ అని ప్రాకృత రూపంలో కనిపిస్తుంది. దాని మీద బరువైన పూలదండను మోసుకుపోతున్న మనుషుల వరుస ఒకటి సాగుతుంది. ఆయన తీసేసిన పాగాను భక్తులు స్తూపానికి చుట్టారని నేను అనుకుంటాను. ఇది నా ఊహే, కానీ ఆ రాళ్ళను చూసిన ప్రతిసారీ నాకు అది మరింత గట్టిపడుతోంది.

ఇక సింహం. బుద్ధుడికి శాక్యసింహుడని, అంటే శాక్య వంశపు సింహమని, పేరు. ఆయన ఉపదేశం సింహనాదం, కూర్చునే పీఠం సింహాసనం, చివరికి కుడివైపుకు ఒరిగి పడుకున్న భంగిమ సింహశయ్య. 32 మహాపురుష లక్షణాల్లో సింహం వంటి దవడ కూడా ఒకటి. అడవిలో సింహం గర్జిస్తే మిగతా జంతువులు నోరు మూసుకున్నట్టే, ధర్మం వినిపించినప్పుడు ఇతర వాదాలన్నీ మూగబోతాయని భావం. అశోకుడు సారనాథ్‌లో నిలిపిన స్తంభశీర్షం (స్తంభం తల భాగం) మీద నాలుగు సింహాలు వీపులు ఆనించుకుని నాలుగు దిక్కులకూ నోళ్ళు తెరిచి ఉండటం ఇందుకేనని నేను నమ్ముతాను. చునార్ గనుల ఇసుకరాతితో చేసిన ఆ ఏడడుగుల శీర్షం గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది, 1950 జనవరి 26 నుంచి అది మన జాతీయ చిహ్నానికి మూలం. అయితే ఒక్కసారి దాని జూలును దగ్గరగా చూడు: కుచ్చులు కుచ్చులుగా, ఒక వరుస కింద ఇంకో వరుసగా, ఎవరో కూర్చోబెట్టి దువ్వినట్టు ఉంటుంది. తలకట్టు మీద అంత శ్రద్ధ పెట్టే శిల్పసంప్రదాయం, జంతువుకు కూడా ఒక తలకట్టు చేసి పెట్టింది.

మథురలోని కట్రా దిబ్బలో దొరికిన, కూర్చున్న బుద్ధ విగ్రహంలో పాగా, సింహం అనే ఈ రెండు పోగులూ ఒకచోట కలుస్తాయి. బుద్ధుడి జుట్టు నత్తగుల్లలా మెలి తిరిగిన చిన్న ముడి మాత్రమే, ఒంటి మీద నగ లేదు. వెనుక వింజామరలు పట్టుకున్న పరిచారకులకు మాత్రం నగలున్నాయి. పీఠంలో చూస్తే మూడు సింహాలు. రాజరికపు గుర్తుల్లో తల మీదిది పోయింది, కిందిది నిలిచింది. పాగా పుట్టుకతో వచ్చిన అధికారానికి గుర్తు కాబట్టి దాన్ని వదిలేయవచ్చు. సింహం మాత్రం పలికే మాటలోని నిర్భయత్వానికి గుర్తయింది, కాబట్టి దాన్ని వదలాల్సిన పని లేదు. తరువాత తూర్పు భారతాన్ని ఏలిన పాల రాజుల కాలంలో కిరీటం పెట్టిన బుద్ధులూ వచ్చారు. నాకు అవి అంతగా మనసుకెక్కలేదు. కానీ లక్నో మ్యూజియంలో మహోబా నుంచి వచ్చిన సింహనాద లోకేశ్వరుణ్ణి మరచిపోలేను. లోకేశ్వరుడంటే కరుణామూర్తి అయిన అవలోకితేశ్వర బోధిసత్త్వుడే. మామూలుగా కిరీటంతో, నగలతో ఉండే ఆయన ఈ రూపంలో జటలతో, ఏ ఆభరణమూ లేకుండా సింహం మీద ఒద్దికగా కూర్చుంటాడు.

వచ్చే నెలలో సారనాథ్ వెళ్తున్నానని రాశావు కదా. మ్యూజియంలో అందరూ నాలుగు సింహాల దగ్గరే ఆగుతారు. నువ్వు అక్కడి నుంచి బల అనే భిక్షువు కుషాణు రాజు కనిష్కుడి 3వ పాలనా సంవత్సరంలో ప్రతిష్ఠించిన నిలువెత్తు బోధిసత్త్వుడి దగ్గరకు వెళ్ళు. ఎర్రటి మథుర రాయి, కుడిచెయ్యి విరిగిపోయింది, తల మీద పాగా లేదు. ముఖాన్ని తరువాత చూద్దువుగాని, ముందు వంగి రెండు పాదాల మధ్య చూడు. అక్కడ ఒక బుల్లి సింహం ఉంటుంది. దాని ముఖం ఎలా ఉందో నాకు రాయి.

నీ మిత్రుడు