మన సేకరణకర్తల సంఘం, కాకినాడ – 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం కొన్నవి తక్కువ. ఎక్కువ సమయం ఉన్న వస్తువులకు, అంటే పాత ప్రకృతి నమూనాలకు, వివరాల చీటీలు రాయడంలోనే గడిచింది. ఇంకా ఎన్నాళ్ళు ఈ చీటీల పని అని కొందరు సభ్యులు సమావేశంలో అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే కాబట్టి ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత మిగతా విషయాలకు వస్తాను.

గత వేసవిలో జిల్లాలోని ఒక పాత విద్యాసంస్థ తన ప్రయోగశాల ఖాళీ చేసింది. పుస్తకాలు కిలోల లెక్కన పాత కాగితాల కొట్టుకు వెళ్ళిపోయాయి. కొట్టు యజమాని మన సభ్యుడొకరికి ఫోన్ చేయబట్టి కొన్నైనా దక్కాయి. వాటితోపాటు ఒక టేకు బీరువా వచ్చింది. అందులో రాళ్ళు, గవ్వలు, అట్టలకు కుట్టిన ఎండు మొక్కలు, దూది కూరిన పక్షులు, సీసాల్లో పాములు ఉన్నాయి. తలుపు తీయగానే అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే చాలావాటికి చీటీల్లేవు. కొన్నింటికి ఉన్నా చెదలు తినేశాయి. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు తెచ్చారు అనే మూడు సంగతులూ తెలియకపోతే అలాంటి నమూనాతో ఏ శాస్త్రజ్ఞుడికీ పని ఉండదు.

ఈ సందర్భంలో కలివికోడి గుడ్డు కథ మళ్ళీ చెప్పాలనిపిస్తోంది. నెల్లూరు, కడప ప్రాంతాల్లో తిరిగిన జెర్డాన్ అనే వైద్యుడి పేరుతో 1848లో ఈ పక్షి శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో, సిద్ధవటం వైపు అడవిలో మళ్ళీ దొరికింది. అయితే దాని గుడ్డు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చివరికి స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర సేకరించినదది. దాని డీఎన్ఏని ఆ పక్షి పాత చర్మం నమూనాతో పోల్చి, 2013లో ఇది కలివికోడి గుడ్డేనని ప్రకటించారు. సేకరించిన చోటు, సంవత్సరం ఎవరో శ్రద్ధగా రాసిపెట్టకపోతే ఆ గుడ్డు వేల గుడ్లలో ఒకటిగా ఉండిపోయేది. మన బీరువాలో అలాంటిదేమీ లేకపోవచ్చు. ఉందో లేదో తేలాలంటే మాత్రం ఈ పని చేయక తప్పదు.

చీటీలు పోయినచోట మనుషుల జ్ఞాపకం ఆదుకుంది. ఆ సంస్థలో పనిచేసి రిటైరైన మాస్టార్లను మన సభ్యులు వెతుక్కుంటూ వెళ్ళారు. వాళ్ళలో ఒకాయన, ఇప్పుడు బాగా పెద్దవారు, నల్లరాయికి అంటుకుని ఉన్న చిన్న నత్తగుల్లల్ని చూడగానే "ఇవి కాతేరువి బాబూ, పిల్లల్ని తీసుకెళ్ళి నేనే ఏరించాను" అన్నారు. రాజమండ్రి పక్కనున్న కాతేరు శిలాజాలు 19వ శతాబ్దం నుంచీ భూగర్భ శాస్త్రవేత్తలకు తెలిసినవే. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ పీఠభూమిని కప్పిన లావా పడమటి నుంచి ఇంత దూరం పారి వచ్చింది. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య విరామంలో నీళ్ళు నిలిచి, వాటిలో బతికిన గుల్లలు మట్టిపొరలో ఉండిపోయాయి. డిసెంబరులో మనవాళ్ళు అక్కడికి వెళ్ళి ఆ పొరను చూసి, బీరువాలోని రాళ్ళతో పోల్చుకుని వచ్చారు. మాస్టారి మాట నిజమే. ఆయన చెప్పినదంతా ఆయన పేరుతోనే చీటీలకెక్కించాం.

దూది కూరిన పక్షుల్ని ఎవరూ వట్టి చేత్తో ముట్టుకోవద్దు. పూర్వం పురుగు పట్టకుండా చర్మం లోపల ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. ఆ విషం ఇప్పటికీ పోదు. పాములున్న ఫార్మలిన్ (చెడకుండా ఉంచే రసాయనం) సీసాల మూతలు కూడా తీయకండి.

అదే బీరువాలో కొమ్ముల శిరస్త్రాణం గవ్వ, నాటిలస్ అనే సముద్ర జీవి గుల్ల దొరికాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి 2001లో కొన్ని సముద్రపు గవ్వలు చేరాయి. ఈ రెండూ వాటిలోవే. తాతల కాలం నాటివైనా సరే, కొనడం, అమ్మడం, ధ్రువపత్రం లేకుండా దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. మనం వెంటనే అటవీ శాఖకు తెలియజేసి అప్పగించాం. ఇళ్ళల్లో జింక కొమ్ములు, తాబేటి చిప్పలు ఉన్న సభ్యులు కార్యవర్గంతో మాట్లాడితే ఏం చేయాలో చెబుతాం. టెన్షన్ పడాల్సిన పని లేదు, దాచిపెట్టుకోవద్దు, అంతే.

ఇక పుస్తకాలు. ఈ ఏడాది నన్ను బాగా బాధపెట్టిన విషయం బొమ్మల అమ్మకం. పాత ప్రకృతిశాస్త్ర గ్రంథాల కుట్టు విప్పి, రంగుల బొమ్మల్ని విడివిడిగా ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి రాసిన పాముల గ్రంథం మొదటి భాగం 1796లో లండన్‌లో అచ్చయింది. రక్తపింజరి బొమ్మకు ఆయన ఇక్కడివాళ్ళను అడిగి తెలుసుకున్న 'కాటుక రేకుల పొడ' అనే పేరే వాడాడు. ఏ పాము ఎక్కడ దొరికింది, దాని కాటుకు ఏం జరిగింది అన్నదంతా ఎదుటి పేజీల్లో ఉంది. గోడ మీద బొమ్మ వేలాడుతుంది, ఆ పేజీలు చెత్తబుట్టలోకి పోతాయి. చీటీ ఊడిన నమూనాకూ దీనికీ తేడా లేదు. అందుకే విడగొట్టిన బొమ్మల్ని సంఘం తరఫున కొనకూడదని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. సభ్యులు సొంతానికి కూడా కొనవద్దని నా విన్నపం.

సామర్లకోట యాత్రకు వాన పడుతున్నా మంచి స్పందన వచ్చింది. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశాడు. ఇంజరం దగ్గర వచ్చిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, ఎండు మొక్కలు మొత్తం కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదటి నుంచి సేకరించి, కోరమాండల్ తీరపు మొక్కల మీద 300 బొమ్మలతో మూడు సంపుటాలు తెచ్చాడు. 1795లో మొదలైన ఆ ప్రచురణ ఆయన చనిపోయాక, 1820 నాటికి పూర్తయింది. బొమ్మలు గీసింది మాత్రం మన దేశపు చిత్రకారులు. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. అసలు ప్రతి కొనే స్తోమత మనకు లేదు కానీ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. కొన్ని పేజీలు అచ్చు తీయించి సంఘం గదిలో పెట్టాం, వచ్చి చూడండి.

పురుగు పట్టిన పుస్తకాల విషయంలో కలరా ఉండలు మానేశాం. పుస్తకాన్ని గాలి చొరకుండా పాలిథిన్ కవరులో చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచుతున్నాం. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు, విప్పితే తేమ పడుతుంది. ఐస్‌క్రీమ్ వ్యాపారం చేస్తున్న మన సభ్యుడు తన ఫ్రీజరొకటి దీనికోసం వదిలిపెట్టారు. ఆయనకు సంఘం కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం. చందా పెంచడం లేదు.

వచ్చే ఏడాది బీరువాలోని ఎండు మొక్కల పని మొదలవుతుంది. మద్రాసు ప్రభుత్వంలో అధికారిగా పనిచేసిన వాల్టర్ ఎలియట్ 1859లో అచ్చు వేయించిన తెలుగు మొక్కల పేర్ల జాబితా 'ఫ్లోరా ఆంధ్రికా'తో వాటిని సరిపోల్చాలి. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు, పల్లెల్లో మొక్కల పేర్లు తెలిసిన పెద్దలు కావాలి. ఆదివారం ఉదయం పూట వీలున్నవాళ్ళు కార్యదర్శికి పేరు ఇవ్వండి.