చిన్నోడికి, మటిక్కాయల సంగతి

తిరుపతి

చిన్నోడా,

ఆదివారం వీడియో కాల్‌లో నీ వెనకాల బల్ల మీద హోటల్ పార్సిల్ డబ్బాలు లెక్కపెట్టాను. ఏడు. మీ అమ్మకు చెప్పలేదు. చెప్పుంటే ఆ రాత్రే పూణే రైలెక్కేది.

వంట గురించి చెప్పడానికి ఈయనెవరు అనుకుంటావు. నిజమే, ముప్పై ఏళ్ళు కంచం ముందు కూర్చోవడం తప్ప నేనేం చేశాను? పోయినేడు బెంగుళూరులో అక్క కానుపుకని మీ అమ్మ మూడు నెలలు పోతే గదా నా బతుకు తెలిసింది. మొదటి వారమంతా హోటల్ సాంబారే. రెండో వారం కడుపు మొరాయించింది. సరేనని కుక్కర్ పెడితే అందులో నీళ్ళు పోయడం మరిచాను. పప్పు బొగ్గయింది, గ్యాస్కెట్ మాడిన వాసనకు ఎదురింటామె పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పటికీ తెలీదు. కొత్త గ్యాస్కెట్ వేయించి పెట్టేశాను.

ఆ మూడు నెలల్లో నాకు పట్టుబడింది ఒకటే. పప్పొకటి, కూరగాయొకటి. మూడో వంటకం జోలికి పోతేనే టెన్షన్.

టీ గ్లాసుడు కందిపప్పు, గుప్పెడు తోటకూరో పాలకూరో, రెండు టమోటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు కుక్కర్‌లో వేసి నీళ్ళు పొయ్యి, నాలా మరవొద్దు. చింతపండు మాత్రం ముందే వెయ్యొద్దు, అంత పులుపు తగిలితే పప్పు తొందరగా ఉడకదు. ఉడికాక వేసి, ఉప్పేసి, గుత్తితో ఎనుపు. మిక్సీలో వేశావా, జిగురైపోతుంది.

ఇక మటిక్కాయలు. మీ ఫ్రెండ్స్ గోరుచిక్కుడు అంటారేమో. చిన్నప్పుడు కంచంలో పక్కకు నెట్టేవాడివి కదా, అదే. లేతవి చూసి తీసుకో, విరిస్తే టప్‌మనాలి. రెండు కొనలూ తుంచి, ముక్కలు చేసి, ఉప్పు నీళ్ళలో గోరు దిగేదాకా ఉడికించి వంచెయ్యి. నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, దంచిన తెల్లగడ్డ వేగాక కాయలు వెయ్యి. నీరు ఇంకాక రెండు చెంచాల చెనిక్కాయల పొడి చల్లి వెంటనే దించు. పొడి వేశాక స్టవ్ మీద ఉంచితే చేదెక్కుతుంది. నేను రెండుసార్లు చేదు చేసుకుని తిన్నాను. బీరకాయకూ, బీన్స్‌కూ ఇదే లెక్క. బీరకాయకు ఉడికించే పని కూడా లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటారు. రైతుబజారులో తూకం వేయించి చూశాను, ఒక్క పూటలో అయ్యే పని కాదు. పొద్దున టమోటా చట్నీ, మధ్యాహ్నం ఆకు పప్పు, రాత్రి తాళింపు అని పంచుకుంటే తెలీకుండానే అయిపోతుంది. నీకు హిమోగ్లోబిన్ తక్కువుందన్నారు కాబట్టి అన్నం తిన్న వెంటనే టీ మానెయ్. టీ తాగితే ఆకుకూరలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. దాని బదులు పప్పులో నిమ్మకాయ పిండుకో.

సంగటి నీకిప్పుడే వద్దు, ఉండలు కట్టి విసుగొస్తుంది. రాగిజావతో మొదలుపెట్టు. పిండిని చన్నీళ్ళలో కలుపుకున్నాకే మరిగే నీళ్ళలో పొయ్యాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు.

సంక్రాంతికి వస్తే పితికిపప్పు చేద్దామంటోంది అమ్మ. అనపగింజలు రాత్రే నానబెడతాం. పొద్దున వేళ్ళ మధ్య ఒక్కొక్కటీ నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క చేతిలో మిగుల్తుంది. కిలో పితకాలంటే ముగ్గురం కూర్చోవాలి. ఈసారి ఫోన్ పక్కన పెట్టి నువ్వూ కూర్చోవాలి.

రాగిపిండి రెండు కిలోలు, చెనిక్కాయల పొడి ఒక డబ్బా కొరియర్ చేశాను. పొడి ఫ్రిజ్‌లో పెట్టు, లేకుంటే కొద్ది రోజులకే కనరు వాసనొస్తుంది. ఆ స్టీలు డబ్బా మీ అమ్మ పెళ్ళి నాటిది. వచ్చేటప్పుడు మరిచిపోకుండా తీసుకురా, నేను తిట్లు తినలేను.

నాన్న